పదిహేను అంకెలు చూపే వెయింగ్ మెషీన్: కొలిచేవెన్ని, ఊహించేవెన్ని?

స్మార్ట్ వెయింగ్ మెషీన్ ఎక్కి దిగేసరికి ఫోన్‌లో అంకెలు బారులు తీరతాయి. బరువు, బీఎంఐ, కొవ్వు శాతం, కండ, ఎముక, నీరు, ప్రొటీన్, పొట్ట లోపలి కొవ్వు, ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే క్యాలరీలు, చివరికి 'శరీరం వయసు' కూడా. ఇన్నిటిలో ఆ మిషన్ నిజంగా కొలిచేవి రెండే. ఒకటి బరువు. రెండోది, ఒక పాదం నుంచి రెండో పాదానికి పంపిన కరెంటుకు ఒంట్లో ఎదురైన అడ్డు. ఆ రెండోది తెర మీదకు రానే రాదు. మిగిలినవన్నీ ఈ రెండింటికీ మీరు టైప్ చేసిన ఎత్తు, వయసు, ఆడా మగా అన్న వివరం కలిపి సూత్రంతో తీసిన లెక్కలు.

ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ మిషన్ గురించో కాదు. పాదాలతో నిలబడే ఇంటి మిషన్లన్నిటిలో లోపలి పద్ధతి ఇంచుమించు ఒకటే కాబట్టి ఆ రకం మొత్తం గురించి. బరువు తగ్గాలనుకునేవాళ్లు దీనితోపాటు కొనే కిచెన్ స్కేల్ సంగతీ ఇందులోనే ఉంది. తీర్పు ముందే చెప్పేస్తే: బరువు చూపడంలో స్మార్ట్ మిషన్‌కు వంక పెట్టడానికి లేదు, కొవ్వు శాతంలో సగం నమ్మొచ్చు, తక్కిన అంకెలు అలంకారం. రెండిట్లో ఒక్కటే కొనే వీలుంటే మాత్రం కిచెన్ స్కేలే కొనండి. జరిగిపోయింది వెయింగ్ మెషీన్ చెబుతుంది, జరగబోయేది వంటింట్లో తేలుతుంది.

బరువు వరకు బంగారం

గాజుపలక కింద నాలుగు మూలలా నాలుగు లోడ్ సెల్స్ ఉంటాయి. మనిషి బరువు పడగానే వాటిలోని లోహపు ముక్క వెంట్రుకవాసి వంగుతుంది, దానికి అతికించిన సన్నటి రేకు సాగుతుంది, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పే కిలోలుగా కనిపిస్తుంది. 50 లేదా 100 గ్రాముల మెట్లలో చూపే మామూలు మిషన్ ఇంటికి సరిపోతుంది. ఇంకా సన్నటి మెట్లు ఉన్నాయని ఎక్కువ పెట్టడం దండగ, ఒక గ్లాసు నీళ్లు తాగితేనే 200 గ్రాములు మారుతుంది కదా.

తూకాన్ని చెడగొట్టేది ఎక్కువగా నేల. కార్పెట్ మీద పెడితే కాళ్లు దిగబడి మిషన్ అడుగుభాగం కార్పెట్‌కు ఆనుకుంటుంది. కొంత బరువు లోడ్ సెల్స్‌ను తప్పించుకుని నేరుగా నేలకు పోతుంది, అంకె తగ్గుతుంది. టైల్స్ సందులో ఒక కాలు పడ్డా ఇబ్బందే. గట్టి నేల మీద ఒక చోటు చూసుకుని, అక్కడి నుంచి కదపకుండా ఉంచడం మేలు. గోడకు ఆనించి నిలబెట్టే అలవాటుంటే, కింద పెట్టాక ఒకసారి పాదంతో తట్టి, సున్నా పడేదాకా ఆగి, అప్పుడు ఎక్కాలి. కదిపిన వెంటనే ఎక్కితే పాత సున్నాతోనే తూస్తుంది.

ఇంకో చిన్న మాయ ఉంది, ప్యాకెట్ మీద ఎవరూ రాయరు. చాలా మిషన్లు కిందటి తూకాన్ని గుర్తుపెట్టుకుంటాయి. మళ్లీ ఎక్కినప్పుడు తేడా కొద్దిపాటిదైతే కొత్త అంకె చూపకుండా పాతదే చూపిస్తాయి. మూడుసార్లు ఎక్కినా గ్రాము తేడా రాకపోతే 'ఎంత కచ్చితమో' అని కొన్నవాళ్లు మురిసిపోతారు. దీన్ని పట్టుకోవడం తేలిక. ఒకసారి ఎక్కి అంకె రాసుకోండి. దిగి, పావు లీటరు నీళ్లున్న సీసా చేత్తో పట్టుకుని మళ్లీ ఎక్కండి. కనీసం 0.2 కిలోలు పెరగాలి. అంకె చెక్కుచెదరకుండా అలాగే ఉంటే మిషన్ గుర్తుపెట్టుకునే రకం. అలాంటిదాని మీద రోజూ ఎక్కేముందు అయిదారు కిలోల వస్తువేదైనా పెట్టి తీసేస్తే పాత అంకె చెరిగిపోయి అసలు తూకం వస్తుంది. కొనేముందే ఈ పరీక్ష చేసే వీలుంటే అలాంటిదాన్ని వదిలేయడమే మంచిది. రోజూ కొంచెం కొంచెంగా తగ్గే మనిషికి ఆ కొంచెమే కదా కావాల్సింది.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడితే మరో చిక్కు. ఎవరు ఎక్కారో మిషన్ బరువును బట్టే పోల్చుకుంటుంది. ఇద్దరి బరువులూ దగ్గరదగ్గరగా ఉంటే ఒకరి తూకం ఇంకొకరి ఖాతాలో పడుతుంది, గ్రాఫ్‌లో అర్థంకాని గుంతలు కనిపిస్తాయి. అలాంటి ఇంట్లో ఎక్కేముందు ఫోన్‌లో పేరు ఎంచుకోనిచ్చే యాప్ ఉందో లేదో చూసుకోవాలి. బ్లూటూత్ మిషన్ అయితే ఫోన్ దగ్గరుండి, చాలావాటిలో యాప్ తెరిచి ఉంటేనే తూకం చేరుతుంది. వైఫై రకానికి ఆ బెడద లేదు గానీ, చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌నే పట్టుకుంటాయి. రూటర్ 5లో మాత్రమే ఉంటే 'కనెక్ట్ కావడం లేదు' అన్న గోల అందుకే.

కొవ్వు శాతం: కాళ్లను అడిగి ఒళ్లంతా చెప్పడం

ఒంట్లో కొవ్వు కాని భాగంలో దాదాపు 73 శాతం నీరే. ఉప్పులు కరిగి ఉన్న నీరు కాబట్టి కరెంటును బాగా పారనిస్తుంది. కొవ్వు పారనివ్వదు. గాజు మీదున్న లోహపు పట్టీల ద్వారా మిషన్ తెలియనంత చిన్న కరెంటు పంపుతుంది, సాధారణంగా 50 కిలోహెర్ట్జ్ వద్ద, ఒక మిల్లీయాంపియర్ లోపు. ఎంత అడ్డు ఎదురైందో చూసి నీరెంతో అంచనా వేస్తుంది. నీటి నుంచి కొవ్వు కాని బరువు, దాన్ని మొత్తం బరువులోంచి తీసేస్తే కొవ్వు. అంచనా మీద అంచనా అన్నమాట.

పైగా కరెంటు ఎప్పుడూ దగ్గరి దారే చూసుకుంటుంది. ఒక పాదంలోంచి కాలు పైకి ఎక్కి, నడుం కింది నుంచే రెండో కాల్లోకి దిగిపోతుంది. పొట్ట, ఛాతీ, చేతులు దాని దారిలో లేవు. అంటే ఆరోగ్యానికి అన్నిటికంటే ముఖ్యమైన పొట్ట భాగాన్ని ఈ మిషన్ ముట్టుకోదు, కాళ్లను బట్టి ఊహిస్తుంది. కాళ్లు సన్నగా ఉండి పొట్ట ముందుకొచ్చినవాళ్లకు ఈ ఊహ బాగా తప్పుతుంది. చేతులతో పట్టుకునే హ్యాండిల్ కూడా ఉన్న మిషన్లు కొంత నయం, కరెంటు పైభాగంలోంచి కూడా పోతుంది. అయినా చివర్లో ఉండేది సూత్రమే.

ఆ సూత్రం వాటా ఎంతో తెలియాలంటే యాప్‌లో మీ వయసును పదేళ్లు పెంచి మళ్లీ ఎక్కండి. ఒళ్లు అదే, గడియారంలో నిమిషం తేడా, కొవ్వు శాతం మాత్రం మారే అవకాశం ఎక్కువ. 'అథ్లెట్ మోడ్' అన్న మీట నొక్కితే ఇంకా పడిపోతుంది, అది వేరే సూత్రం కాబట్టి. వ్యాయామం మొదలుపెట్టిన నెలకే ఆ మీట నొక్కి సంతోషపడేవాళ్లున్నారు. ఏళ్ల తరబడి కఠినంగా సాధన చేసేవాళ్ల కోసం పెట్టిన సౌకర్యం అది.

నీటితో ముడిపడిన కొలత కాబట్టి నీటితోనే చెడుతుంది కూడా. ఒళ్లు ఎండిపోయి ఉంటే అడ్డు పెరిగి కొవ్వు ఎక్కువ చూపుతుంది. చెమట పట్టేలా వ్యాయామం చేసిన వెంటనే, వేడినీళ్ల స్నానం అయ్యాక, జ్వరంలో, కాళ్లకు నీరు పట్టినప్పుడు తీసిన అంకెకు విలువ లేదు. పాదాలు బాగా పొడిబారి కాయలు కాసినా అడ్డు పెరుగుతుంది. పాదాలు కొద్దిగా తడి చేసి తుడిచి ఎక్కితే నిలకడగా వస్తుంది. సాక్సులతో ఎక్కితే బరువు ఒక్కటే వచ్చి మిగతావి రాకపోవడం లోపం కాదు.

ఇన్ని చెప్పాక దీనివల్ల ఉపయోగమే లేదా అంటే, ఉంది. ఒకే మిషన్ మీద, వారానికి ఒకే రోజు, పొద్దున్నే కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు, తాగకముందు ఎక్కి, రెండు మూడు నెలల వరసను చూస్తే దిశ తెలుస్తుంది. 31.4 అన్న అంకెను కాక, అది దిగుతోందా ఎక్కుతోందా అన్నది చూడాలి. బరువు తగ్గుతున్నా కొవ్వు శాతం కదలకుండా నెలలు గడిస్తే కండ కూడా పోతోందేమో అని అనుమానించి, తిండిలో ప్రొటీన్, వారంలో బరువులెత్తే వ్యాయామం ఎంతున్నాయో చూసుకోవచ్చు. అంతకు మించి అడగకూడదు. ఎముక బరువు, ప్రొటీన్ శాతం, శరీరం వయసు అన్నవి అదే అంచనాకు వేరే వేరే వేషాలు. వీలైతే యాప్‌లో వాటిని కనపడకుండా దాచేయండి.

గుండెకు పేస్‌మేకర్ లాంటివి అమర్చుకున్నవాళ్లు కరెంటు పంపే ఈ మిషన్ ఎక్కకూడదు. కంపెనీలు కూడా మాన్యువల్‌లో ఆ మాట రాస్తాయి, చదివేవాళ్లు తక్కువ. గర్భిణులకూ వద్దనే ఉంటుంది. వాళ్లకు కొవ్వు లెక్క ఎలాగూ తప్పే వస్తుంది. కొన్నిటిలో కరెంటు ఆపేసి బరువు మాత్రమే చూపే మోడ్ ఉంటుంది. ఇంట్లో అలాంటివాళ్లుంటే మామూలు వెయింగ్ మెషీన్ కొనడమే అన్నిటికంటే సులువు.

రాత్రికి రాత్రి కిలో

రోజూ బరువు చూసుకునేవాళ్లను ఈ మిషన్ భయపెట్టేది ఇక్కడే. నిన్న 78.0, ఇవాళ 79.2. రాత్రికి రాత్రి 1.2 కిలోల కొవ్వు చేరాలంటే ఖర్చయినదానికి పైన దాదాపు 9,000 క్యాలరీలు తినాలి. ఎవరూ తినలేరు. అది నీరు, పేగుల్లో ఉన్న తిండి. ముందురోజు ఉప్పు ఎక్కువైతే నీరు నిలుస్తుంది. కండరాల్లో, కాలేయంలో దాచిన పిండిపదార్థం, అదే గ్లైకోజెన్, ఒక్కో గ్రాముకు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుంటుంది. పిండిపదార్థాలు తగ్గించిన మొదటి వారంలో కిలోన్నర, రెండు కిలోలు జారిపోవడం వెనకున్నది ప్రధానంగా ఇదే, మళ్లీ మామూలుగా తిన్న మర్నాడు తిరిగొచ్చేదీ ఇదే. నెలసరికి ముందు, మలబద్ధకంలో, కొత్తగా బరువులెత్తి ఒళ్లు నొప్పులున్న వారంలో కూడా అంకె పైకే ఉంటుంది.

మంచి యాప్ రోజువారీ చుక్కలతోపాటు ఒక నునుపైన గీత కూడా గీస్తుంది. చూడాల్సింది ఆ గీతనే. గీత లేని యాప్ అయితే కాగితం మీదే లెక్క వేసుకోవచ్చు: నిన్నటి గీత అంకెకు, ఇవాళ్టి తూకానికీ దానికీ ఉన్న తేడాలో పదో వంతు కలపాలి. నిన్నటి గీత 78.0, ఇవాళ తూకం 79.2 అయితే తేడా 1.2, పదో వంతు 0.12, ఇవాళ్టి గీత 78.12. కిలో పైచిలుకు ఎగిరిన అంకె వంద గ్రాముల కదలికగా కుదించుకుపోతుంది. నిజంగా బరువు పెరుగుతుంటే రెండు వారాల్లో గీత కూడా పైకి లేస్తుంది, దాక్కోదు. ఇది మరీ శ్రమ అనుకుంటే ఏడు రోజుల సగటును కిందటి ఏడు రోజుల సగటుతో పోల్చినా చాలు. ఒక్క సోమవారాన్ని ఇంకో సోమవారంతో పోల్చడం మాత్రం పనికిరాదు.

యాప్ రంగులు, యాప్ లక్ష్యాలు

బీఎంఐ పక్కన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీ ఉంటుంది. బరువును ఎత్తు వర్గంతో భాగించే ఈ లెక్క 1830ల నాటి బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లేది. బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరు 1972లో ఆన్సెల్ కీస్ పెట్టింది. జనసమూహాల కోసం పుట్టిన కొలతను యాప్ ఒక్కో మనిషికి రంగువేసి చూపుతోంది. 18.5 నుంచి 24.9 దాకా ఆకుపచ్చ అన్నది అంతర్జాతీయ హద్దు. ఆసియా జాతులవాళ్లకు ఇంతకంటే తక్కువ బీఎంఐ దగ్గరే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు మొదలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2004లో 23, 27.5 అన్న అదనపు హద్దులు సూచించింది. ఈ సవరణకు చోటివ్వని యాప్‌లో 24.5 ఉన్న మనిషికి ఆకుపచ్చే కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో ఆసియా ప్రమాణం ఉందేమో వెతకండి. లేకపోతే రంగును పట్టించుకోకండి.

పొట్ట సంగతికి మిషన్ కంటే దర్జీ టేపు నమ్మకమైనది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, చర్మం నొక్కుకోకుండా చుట్టి కొలవాలి. బొడ్డు ఎక్కడుంటే అక్కడ, ప్యాంటు బిగించే చోట కొలిచి తక్కువొచ్చిందని అనుకోవద్దు. నడుం చుట్టుకొలత ఎత్తులో సగం లోపు ఉండాలన్నది బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన సలహా. 160 సెంటీమీటర్ల ఎత్తుకు 80 లోపు. నెలకోసారి చాలు. మిషన్ చూపే 'విసెరల్ ఫ్యాట్' (పొట్ట లోపలి కొవ్వు) అంకెను ఈ టేపు అంకెతో మార్చేసుకుంటే నష్టమేమీ లేదు.

లక్ష్యం పెట్టుకునే తెర దగ్గర యాప్‌లు చేసే హాని ఎక్కువ. వేలితో జరిపే మీట ఒకటి ఇస్తాయి, వారానికి పావు కిలో నుంచి కిలో దాకా. అందరూ చివరికంటా జరుపుతారు. 40 ఏళ్లు, 70 కిలోలు, 160 సెంటీమీటర్ల మహిళను తీసుకోండి. మిఫ్లిన్ సూత్రం ప్రకారం (బరువుకు పదింతలు, ఎత్తుకు 6.25 రెట్లు, అందులోంచి వయసుకు అయిదింతలు తీసి, ఆడవాళ్లకు ఇంకో 161 తీయాలి) ఆమె విశ్రాంతి ఖర్చు రోజుకు 1,339 క్యాలరీలు. కూర్చుని చేసే పనే ఎక్కువైతే 1.2తో హెచ్చించి 1,607. కిలో కొవ్వుకు సుమారు 7,700 క్యాలరీలని లెక్కేస్తే, వారానికి కిలో అంటే రోజుకు 1,100 తగ్గాలి. మిగిలేది 507. రోజుకు 800 కంటే తక్కువ క్యాలరీల తిండి వైద్యుల పర్యవేక్షణలో తప్ప ఎవరూ చేయకూడదు. కొన్ని యాప్‌లు 1,200 దగ్గర ఆపేసి, లక్ష్యం తేదీని మాత్రం మార్చకుండా వదిలేస్తాయి. ఆ తేదీకి బరువు చేరక మనిషి తననే తిట్టుకుంటుంది. ఆమెకు మీటను పావు, 0.3 కిలోల మధ్య ఉంచడం సబబు. వంద కిలోల పైన ఉండి, ఖర్చూ ఎక్కువున్న మనిషికి ముప్పావు కిలో కూడా నడుస్తుంది. మీట అందరికీ ఒకేలా ఇవ్వడమే తప్పు.

మొత్తం లక్ష్యం కూడా ఆకుపచ్చ పట్టీలోకి దూకడం కానక్కర్లేదు. 2002లో ఫలితాలు వెలువడిన అమెరికా మధుమేహ నివారణ పరిశోధనలో పెట్టిన లక్ష్యం బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. అంతమాత్రానికే సగటున మూడేళ్ల లోపు టైప్ 2 మధుమేహం కొత్తగా రావడం 58 శాతం తగ్గింది. 80 కిలోల మనిషికి 7 శాతం అంటే 5.6 కిలోలు. యాప్‌లో ఆ అంకె పెట్టుకోండి.

గాడ్జెట్ ఉంటే చాలు బరువు తగ్గుతుందన్న ప్రచారానికి జవాబుగా ఇంకో పరిశోధన ఉంది. 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. తిండి, వ్యాయామం విషయంలో సలహాలు అందుకుంటున్న యువతీయువకుల్లో ఒక జట్టుకు చేతికి తొడిగే ట్రాకర్ కూడా ఇచ్చారు. రెండేళ్లకు ట్రాకర్ ఉన్నవాళ్లు సగటున 3.5 కిలోలు, లేనివాళ్లు 5.9 కిలోలు తగ్గారు. అది వెయింగ్ మెషీన్ కాదు కాబట్టి ఫలితాన్ని ఇక్కడికి ఎత్తుకొచ్చి అతికించలేం. కానీ 'స్మార్ట్' అన్న మాటకు అదనంగా చెల్లించేముందు గుర్తుంచుకోదగ్గ అంకెలే.

తిండి విషయంలో మానసిక రుగ్మత ఉన్నవాళ్లు, గతంలో ఉండి కోలుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే ఈ మిషన్ కంటికెదురుగా ఉండకూడదు. పొద్దున అంకె చూసి ఆ రోజు భోజనం మానేసే అలవాటు ఎవరికైనా మొదలైతే, నెలకోసారి క్లినిక్‌లో చూసుకోవడమే మంచిది. ఎదిగే పిల్లలకు బరువు లక్ష్యాలు పెట్టే యాప్‌లు అసలే వద్దు. వాళ్ల బీఎంఐని పెద్దవాళ్ల పట్టీతో కాక వయసుతో పోల్చి చూడాలి, అది డాక్టర్ పని.

కిచెన్ స్కేల్: చిన్నదే, పని ఎక్కువ

ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదన్నవాళ్లను గమనించిన ఒక అధ్యయనం 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. వాళ్లు తిన్నామని చెప్పింది, నిజంగా తిన్నదానికంటే సగటున 47 శాతం తక్కువ. అబద్ధాలాడారని అనుకోనక్కర్లేదు. కంటి అంచనా అంత చెడ్డది. ఆ ఖాళీని పూడ్చేది కాటా ఒక్కటే.

5 కిలోల దాకా, 1 గ్రాము మెట్లలో తూచేది చాలు. కొనేటప్పుడు చూడాల్సినవి పెద్దగా లేవు. పెద్ద గిన్నె పెట్టినా అంకెలు కనిపించాలి, అంటే తెర పళ్లెం కింద కాక బాగా ముందుకు ఉండాలి. తనంతట తానే ఆగిపోయే సమయం రెండు నిమిషాలైనా ఉండాలి. కూర తరుగుతుండగా ఆగిపోతే టేర్ (ఖాళీ గిన్నె బరువు తీసేసి చేసిన సున్నా) పోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. అందుకే రోజూ వాడే నాలుగు గిన్నెల ఖాళీ బరువులు తూచి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి, కాటా ఆగిపోయినా లెక్క పోదు. బటన్ సెల్‌తో నడిచే రకం కంటే ఏఏఏ సెల్స్ రకం నయం. ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీను, బటన్ సెల్ మింగితే ప్రాణం మీదకొస్తుంది. సెల్స్ నీరసిస్తే అంకె ఊగిసలాడుతుంది, కాటా పాడైందని పారేయకముందు అవి మార్చి చూడండి. ఫ్యాను గాలికి కూడా రెండు మూడు గ్రాములు ఊగుతుంది.

అన్నిటికంటే పనికొచ్చే విద్య ఒకటుంది: తీసి తూచడం. నూనె సీసాను కాటా మీద పెట్టి టేర్ నొక్కి సున్నా చేయండి. సీసా తీసి బాణలిలో పోసి మళ్లీ కాటా మీద పెట్టండి. మైనస్ 22 అని పడితే 22 గ్రాములు పోశారన్నమాట. చెంచాలు, గిన్నెలు జిడ్డు చేయనక్కర్లేదు. నూనె గ్రాముకు 9 క్యాలరీలు, కాబట్టి 22 గ్రాములు అంటే 198. 15 మిల్లీలీటర్ల పెద్ద చెంచాడు నూనె దాదాపు 14 గ్రాములు, 120 క్యాలరీల పైమాట. చేతివాటంగా పోసే అలవాటున్న వంటింట్లో రోజుకు రెండు చెంచాల తేడా గమనించకుండానే వచ్చేస్తుంది, అది 240. కాటాలో మిల్లీలీటర్ల మీట ఉంటుంది, నూనెకు అది వాడొద్దు. అది ఏది పెట్టినా నీళ్లో పాలో అనుకుని లెక్కిస్తుంది. 100 మిల్లీలీటర్ల నూనె బరువు 92 గ్రాములే.

సన్నటి ధారగా, చిటికెలుగా వేసినవాటిని కాటా పట్టుకోదు. అంకె కొంచెం కదిలితే అది తన సున్నా జారడమేననుకుని సర్దేసుకుంటుంది. గింజలు రెండేసి వేస్తూ పోతే సగం లెక్కలోకే రావు. గిన్నెను ఒకసారి ఎత్తి మళ్లీ పెడితే అసలు అంకె చాలాసార్లు బయటపడుతుంది. లేదా డబ్బాను పెట్టి తీసి తూచే పద్ధతే ఇక్కడా వాడండి.

పొయ్యి మీంచి దించిన గిన్నెను నేరుగా పెట్టకండి. వేడికి లోడ్ సెల్ తప్పు చూపుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. చెక్కపలక వేసి, దాన్ని టేర్ చేసి, పైన పెట్టాలి.

లెక్కల్లో అందరూ జారిపడే చోటు పచ్చి, వండిన తేడా. 100 గ్రాముల బియ్యం సుమారు 350 క్యాలరీలు. ఉడికాక నీళ్లు పీల్చుకుని 250 నుంచి 300 గ్రాముల అన్నం అవుతుంది, క్యాలరీలు మాత్రం అవే. పళ్లెంలో 200 గ్రాముల అన్నం తూచి, యాప్‌లో 'బియ్యం 200 గ్రాములు' అని ఎంచుకుంటే 700 పడుతుంది, నిజానికి 260 దగ్గర. అటు నుంచి ఇటు కూడా జరుగుతుంది: పచ్చివి తూచి వండినదాని పేరు ఎంచుకుంటే సగం కంటే తక్కువ పడుతుంది. యాప్‌లోని పేరు పక్కన పచ్చిదా వండినదా అని లేకపోతే ఆ వరసను వాడొద్దు. వాడుకరులు చేర్చిన వరసల్లో ఈ గందరగోళం మరీ ఎక్కువ.

కలిపి వండే వంటలకు దారి ఇది. పడేవన్నీ పచ్చిగా తూచి క్యాలరీలు కూడండి. వండాక గిన్నెతో సహా తూచి, గోడ మీది కాగితం చూసి ఖాళీ గిన్నె బరువు తీసేయండి. మొత్తం 1,860 క్యాలరీలు, వండాక 1,240 గ్రాములు ఉంటే గ్రాముకు 1.5. మీ పళ్లెంలో పడింది 260 గ్రాములైతే 390 క్యాలరీలు. మొదటిసారి పది నిమిషాలు పడుతుంది, అదే వంట మళ్లీ చేసినప్పుడు నిమిషం.

కాటాను క్యాలరీలకే కట్టేయడం కూడా అన్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే రోజుకు 400 గ్రాముల కూరగాయలు, పండ్లు అంటే ఎంతో చాలామందికి తూచాకే తెలుస్తుంది (దుంపలు ఇందులోకి రావు). ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు అన్నదాన్ని 1 గ్రాము కాటాతో ఏ పూటకాపూట తూచడం కుదరదు. దానికి వారం తీసుకోండి. ఉప్పు డబ్బాను ఆదివారం తూచి, మళ్లీ ఆదివారం తూచండి. నలుగురి ఇంట్లో తేడా 140 గ్రాములు దాటితే డబ్బా ఒక్కటే హద్దు దాటించినట్టు. ప్యాకెట్లలో, బయటి తిండిలో వచ్చే ఉప్పు దీనికి అదనం. చక్కెరకూ ఇదే పద్ధతి: 2,000 క్యాలరీల తిండిలో పదో వంతు అంటే 50 గ్రాములు, అందులో సగానికి దించితే ఇంకా మంచిదని సంస్థ మాట.

జీవితాంతం తూచాలని ఎవరూ అనరు. రెండు మూడు వారాలు అన్నీ తూస్తే కన్ను, చెయ్యి దారికొస్తాయి. ఆ తర్వాత నూనె, గింజలు, వెన్నలాంటి బరువైన క్యాలరీలవి మాత్రం తూస్తూ, పక్షానికి ఒక రోజు అన్నీ తూచి కన్ను జారిందేమో చూసుకోవడం సరిపోతుంది.

రెండూ కలిస్తే

కాటా, వెయింగ్ మెషీన్ రెండూ ఉన్నవాళ్లకు యాప్ సూత్రాలతో పనిలేని లెక్క ఒకటి దొరుకుతుంది. నీరు జారే మొదటి వారం వదిలేసి, తర్వాతి 28 రోజులు తిన్నది రాయండి, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడండి. రోజుకు సగటున 1,700 క్యాలరీలు తిని, గీత 1.2 కిలోలు దిగిందనుకుందాం. 1.2ను 7,700తో హెచ్చిస్తే 9,240, దాన్ని 28తో భాగిస్తే 330. అంటే ఈ మనిషి రోజువారీ ఖర్చు దాదాపు 2,030. ఏ ఎత్తు, వయసు సూత్రమూ, ఏ కాళ్ల కరెంటూ ఇంత సొంతమైన అంకె ఇవ్వలేవు. బరువు తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది కాబట్టి నాలుగైదు కిలోలు దిగిన ప్రతిసారీ ఈ లెక్క మళ్లీ వేయాలి.

రాయడంలో మర్చిపోయినవి ఉంటే 2,030 అన్నది కూడా అంతే తక్కువగా వస్తుంది. కానీ మర్చిపోయే తీరు నెలనెలా ఒకేలా ఉన్నంతకాలం దానివల్ల పని చెడదు, ఆ అంకెలోంచి 300 తీసి తింటే గీత దిగుతూనే ఉంటుంది. చెడేది ఒక నెల కాటాతో, ఒక నెల కంటితో రాసినప్పుడు.